నీళ్లు పోయకుండా నాలుగేళ్లు బతికిన మొక్క: నీడ మూలల చరిత్ర

చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధాలు అనుకుంటాం కదా. ఇవాళ అవేవీ లేవు. ఇవాళ్టి ఎపిసోడ్‌లో హీరో ఒక మూల. అవును, మూలే. మీ ఇంటి గోడకీ కాంపౌండ్ గోడకీ మధ్య ఒక సందు ఉంటుందే, అది. ఎండ సరిగ్గా పడదు. ఏసీ నీళ్లో, పైప్ నీళ్లో ఎప్పుడూ కారుతూ ఉంటాయి. గోడకి నాచు పట్టి ఉంటుంది. గులాబీ తెచ్చి పెడితే రెండు వారాల్లో ఆకులన్నీ రాలిపోతాయి. మందార పెడితే ఆకులొస్తాయి గానీ మొగ్గ రాదు. చివరికి అక్కడికి ఖాళీ పెయింట్ డబ్బాలు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ చేరతాయి.

అప్పుడు మనం నర్సరీకి వెళ్లి అడిగే మాట ఒకటే. "అన్నా, నీడలో, తడిలో, పెద్దగా చూసుకోకపోయినా బతికే మొక్క ఏదైనా ఉందా?"

ఇది చాలా చిన్న ప్రశ్నలా ఉంది కదా? కానీ 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో, ఐర్లాండ్‌లో జనం ఇదే ప్రశ్న వెంట పడ్డారు. ఆ వెతుకులాటలో ఒక డాక్టర్ చేతిలో ఒక సీసా పుట్టింది. ఆ సీసా వల్ల టీ మొక్క చైనా నుంచి మన దేశానికి సముద్రం దాటి వచ్చింది. ఒక మొక్క దాదాపు మాయమైంది. ఇంకో మొక్క అడవినే మింగడం మొదలుపెట్టింది. ఈ కథంతా విన్నాక "లో మెయింటెనెన్స్" అన్న మాట మీకు కొంచెం వేరేగా వినపడుతుంది. పదండి.

ముందుగా లండన్ వెళ్దాం. సంవత్సరం 1829. తూర్పు లండన్‌లో రేవుల దగ్గర వెల్‌క్లోజ్ స్క్వేర్ అని ఒక చోటు. అక్కడ నథానియల్ బ్యాగ్‌షా వార్డ్ అనే డాక్టర్ ఉండేవాడు. పగలంతా పేషెంట్లు. మనసంతా మొక్కల మీద, పురుగుల మీద. ఆయనకి బాగా ఇష్టమైనవి ఫెర్న్‌లు. బైపీసీ వాళ్లకి వెంటనే గుర్తొస్తుంది, టెరిడోఫైట్లు. పూవు ఉండదు, కాయ ఉండదు, విత్తనం ఉండదు. కొత్త ఆకు చుట్టచుట్టుకుని వచ్చి మెల్లగా విప్పుకుంటుంది. పాత బావి లోపలి గోడకి, పాడుబడ్డ ఇంటి తూముల పక్కన మొలుస్తాయి చూడండి, అవే.

వార్డ్ తన పెరట్లో రాళ్లు పేర్చి, వాటి మధ్య ఫెర్న్‌లు, నాచు పెట్టాడు. రాళ్ల మీదుగా నీళ్లు బొట్లుబొట్లుగా కారేలా పైన చిల్లుల పైపు కూడా అమర్చాడు. నీడ ఉంది, తడి ఉంది, స్పెక్ మొత్తం కరెక్ట్‌గా ఉంది. అయినా మొక్కలు చచ్చిపోయాయి. ఎందుకంటే గాలి. చుట్టూ ఫ్యాక్టరీలు, ప్రతి ఇంట్లో బొగ్గు పొయ్యి. ఆ పొగ, ఆ మసి ఆకుల మీద పేరుకునేది. అప్పటి లండన్ గాలిలో ఫెర్న్ పెంచడమంటే, ఇప్పుడు ఢిల్లీలో నవంబర్ నెలలో మారథాన్ పెట్టుకున్నట్టు.

అలా విసిగిపోయి ఆ పని పక్కన పెట్టేశాడు. ఈలోగా ఒక చిమ్మట ప్యూపా నుంచి ఎలా బయటికొస్తుందో చూద్దామని, వెడల్పు మూతి ఉన్న గాజు సీసాలో తడి మట్టి వేసి, అందులో ప్యూపా పెట్టి, మూత బిగించాడు. రోజూ గమనిస్తుంటే ఒక విషయం కనిపించింది. పగటి వేడికి మట్టిలో తడి ఆవిరై గాజుకి చుక్కలుగా పడుతోంది, మళ్లీ జారి మట్టిలోకే పోతోంది. నీరు ఎక్కడికీ పోవట్లేదు. కొన్నాళ్లకి ఆ మట్టిలోంచి రెండు పచ్చటి మొలకలు లేచాయి. ఒకటి గడ్డి. ఇంకోటి ఫెర్న్! రాళ్లు పేర్చి, పైపులు పెట్టి, ఇంత చాకిరీ చేస్తే బతకని జాతి, ఎవరూ నాటకుండా సీసాలో మొలిచింది.

ఆయన ఆ సీసాని తన స్టడీ రూమ్ కిటికీ బయట పెట్టాడు. ఉత్తరం వైపు కిటికీ. ఇంగ్లండ్‌లో ఉత్తరం గోడ అంటే నేరుగా ఎండ తగలని గోడ, అంటే మన సందు లాంటిదే. అక్కడ ఆ రెండు మొక్కలూ దాదాపు నాలుగేళ్లు బతికాయి. ఈ నాలుగేళ్లలో ఎవరూ చుక్క నీరు పోయలేదు. గడ్డి ఒకసారి పూత కూడా వేసింది. చివరికి ఎలా పోయాయో తెలుసా? ఆయన ఊళ్లో లేనప్పుడు మూత తుప్పు పట్టి, వాన నీళ్లు లోపలికి దిగి, కుళ్లిపోయాయి. నీళ్లు లేక కాదు, నీళ్లు ఎక్కువై. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మన సందు దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

అప్పట్లో ఓడల్లో మొక్కల్ని పంపడమంటే నరకం. డెక్ మీద పెడితే ఉప్పు నీటి తుంపర చంపేస్తుంది. కింద పెడితే వెలుతురు ఉండదు. మంచినీళ్లు మనుషులకే చాలవు, మొక్కకి ఎవడు పోస్తాడు? వార్డ్‌కి వెలిగింది. సీసా కిటికీ బయట పనిచేస్తే, ఓడ డెక్ మీద ఎందుకు పనిచేయదు? గట్టి చెక్కతో, గాజుతో రెండు పెట్టెలు చేయించి, ఫెర్న్‌లు, నాచు, గడ్డి పెట్టి, 1833లో సిడ్నీకి పంపాడు. మొక్కలు బతికే చేరాయి. తిరుగు ప్రయాణం 1834లో, ఆస్ట్రేలియా మొక్కలతో. ఎనిమిది నెలలు. దక్షిణ అమెరికా కొన దగ్గర డెక్ మీద మంచు పేరుకునేంత చలి, భూమధ్యరేఖ దగ్గర 120 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి. మన లెక్కలో 49 సెల్సియస్, రెంటచింతల మే నెలలాగా అన్నమాట. దారిలో నీళ్లు పోసింది లేదు. మొక్కలు పచ్చగా దిగాయి.

లండన్ హాక్నీలో లాడిజెస్ అని అప్పటికి చాలా పేరున్న నర్సరీ ఒకటి ఉండేది. ఇంతకుముందు దిగుమతి చేసుకున్న ప్రతి 20 మొక్కల్లో 19 దారిలోనే పోయేవి, ఈ పెట్టెలు వాడాక 20లో 19 బతుకుతున్నాయి అని వాళ్ల లెక్క. ఈ పెట్టె పేరే వార్డియన్ కేస్. రాబర్ట్ ఫార్చూన్ చైనా నుంచి మన హిమాలయాల తోటలకి టీ మొక్కలు తెచ్చింది ఇందులోనే. మలేరియా మందు క్వినైన్ ఇచ్చే సింకోనా దక్షిణ అమెరికా నుంచి నీలగిరులకి 1860ల మొదట్లో వచ్చింది కూడా ఈ పెట్టెల వల్లే. అదో పెద్ద సామ్రాజ్యం కథ, ఇంకో ఎపిసోడ్ అవుతుంది. మనం మన మూలకి వద్దాం.

ఇక్కడ ఒక చిన్న సైన్స్ ముక్క. ఫెర్న్‌కి నీడ, తడి ఎందుకంత అవసరం? పూవు లేదు, విత్తనం లేదు, మరి పిల్ల మొక్క ఎలా వస్తుంది? యూరప్‌లో చాలా కాలం జనం దీనికి కంటికి కనపడని విత్తనం ఉంటుందని నమ్మేవాళ్లు. అది చేతికి దొరికితే మనమూ కనపడకుండా పోవచ్చని కూడా నమ్మారు. మన జానపద సినిమాల్లో కళ్లకి అంజనం రాసుకుని మాయమైనట్టు. తర్వాత జమైకాలో పనిచేసిన జాన్ లిండ్సే అనే డాక్టర్, ఆకు కింద ఉండే గోధుమరంగు పొడి చల్లి ఫెర్న్‌లు మొలిపించి, ఆ వివరాలు 1794లో ప్రచురించాడు. ఆ పొడే స్పోర్లు, మన టెక్స్ట్‌బుక్కు భాషలో సిద్ధబీజాలు.

మొత్తం బొమ్మ తేలింది 1851లో. తేల్చింది జర్మనీలో విల్‌హెల్మ్ హోఫ్‌మైస్టర్. ఆయన చేసేది సంగీత పుస్తకాల వ్యాపారం. బోటనీ సొంతంగా నేర్చుకున్నాడు. డిగ్రీ ఒకటి, చేసే పని ఒకటి అని ఫీలయ్యే నాలాంటి బీటెక్ వాళ్లకి ఈయనంటే కొంచెం ధైర్యం. విషయం ఏంటంటే, స్పోర్ నుంచి నేరుగా ఫెర్న్ రాదు. ముందు గోరంత ఆకుపచ్చ రేకు ఒకటి వస్తుంది. దాని మీద మగ కణం, ఆడ కణం తయారవుతాయి. మగ కణం నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి ఆడ కణాన్ని చేరాలి. నిజంగానే ఈత. అక్కడ పల్చటి నీటి పొర లేకపోతే కథ అక్కడితో ఆఖరు. అంటే గులాబీకి శాపమైన ఆ తడి, నీడ, ఫెర్న్‌కి పెళ్లి మండపం అన్నమాట.

సరే, 1845లో బ్రిటన్‌లో గాజు మీద పన్ను ఎత్తేశారు. గాజు చౌకైంది. వార్డ్ పెట్టె ఓడ డెక్ మీంచి హాల్లోకి వచ్చేసింది. ఇప్పుడు మీ రీల్స్‌లో టెర్రేరియం అని కనిపిస్తుందే, దాని తాతగారు ఇదే. రైళ్లు కూడా కొత్తగా వచ్చాయి. ఊళ్లో ఉండే మధ్యతరగతి వాళ్లు టికెట్ కొనుక్కుని కొండలకి, వాగులకి వెళ్లి ఫెర్న్‌లు తవ్వి తెచ్చుకోవడం మొదలెట్టారు. పుస్తకాలు, పింగాణీ మీద ఫెర్న్ డిజైన్లు, బట్టల మీద, ఇనుప బెంచీల మీద, ఆఖరికి సమాధి రాళ్ల మీద కూడా ఫెర్న్‌లే. చార్లెస్ కింగ్‌స్లీ అనే రచయిత 1855లో ఈ పిచ్చికి టెరిడోమేనియా అని పేరు పెట్టాడు. అంటే ఫెర్న్ పిచ్చి. ఇప్పటి భాషలో ట్రెండింగ్.

ఇందులో మంచి కూడా ఉంది, దాచక్కర్లేదు. మొక్కల్ని గమనించడం, పేర్లు పెట్టి గుర్తుపట్టడం అప్పటి ఆడపిల్లలకి ఇంటి గుమ్మం దాటి చేయగలిగిన చదువులా మారింది. పెరట్లో పనికిరాని మూల అనుకున్నది గర్వంగా చూపించుకునే చోటైంది. స్టాఫర్డ్‌షైర్‌లో బిడల్ఫ్ గ్రేంజ్ అనే తోటలో 1856లో చెట్ల మొద్దులు తలకిందులుగా, వేర్లు పైకి పెట్టి పేర్చి, వాటి సందుల్లో నీడ మొక్కలు పెంచారు. దాన్ని స్టంపరీ అంటారు. మనం పొయ్యిలో పెట్టే మొద్దుతో వాళ్లు తోట కట్టారు.

చెడు ఎక్కడ మొదలైందంటే, అందరికీ అరుదైనదే కావాలి అన్నప్పుడు. కిల్లార్నీ ఫెర్న్ అని ఒకటుంది. ఐర్లాండ్‌లో కిల్లార్నీ అనే ఊరి పేరు మీద ఆ పేరు. ఈ మొక్క ఆకు ఒక్క కణం మందం. కాగితం కాదు, అంతకంటే పల్చన. వెలుతురుకి పెడితే అవతలి వైపు కనిపిస్తుంది. కాస్త పొడిగాలి తగిలినా ముడుచుకుపోతుంది. అందుకే జలపాతాల పక్కన, గుహల మొదట్లో, ఎప్పుడూ తుంపర పడే చీకటి మూలల్లోనే బతుకుతుంది. అంటే మన ప్రశ్నకి పర్ఫెక్ట్ జవాబు. నీడ కావాలి, తడి కావాలి, దాని చోట దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

దాన్ని పెకలించి అమ్మారు. తట్టలు తట్టలుగా పోయింది. గాజు పెట్టె కొన్నవాళ్లు దాని కోసం డబ్బులు పెట్టారు. అది నెమ్మదిగా పెరిగే మొక్క, తీసినంత వేగంగా తిరిగి రాదు. కొన్ని దశాబ్దాల్లో చాలా చోట్ల పూర్తిగా పోయింది. ఇప్పుడు బ్రిటన్‌లో, ఐర్లాండ్‌లో దాన్ని పీకడానికి చట్టం ఒప్పుకోదు. మిగిలిన చోట్లు బయటికి చెప్పడానికి కూడా బోటనీ వాళ్లు జంకుతారు.

ఇందులో ఒక వింత ఉంది. ఇందాక గోరంత పచ్చ రేకు అన్నాను కదా? కిల్లార్నీ ఫెర్న్‌లో ఆ దశ రేకులా కాకుండా పచ్చటి దూదిలా ఉంటుంది. 1980ల చివర్లో తేలిందేంటంటే, పెద్ద మొక్క అసలు కనిపించని బ్రిటన్ ప్రాంతాల్లో కూడా రాతి పగుళ్ల లోపల ఆ పచ్చ దూది మాత్రం బతికే ఉంది. పెద్ద మొక్కగా మారకుండా, అలాగే సాగుతోంది. ఈ ఎపిసోడ్ కోసం చదువుతూ నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఇక్కడే.

ఇప్పుడు కథలో రెండో మలుపు. విక్టోరియా కాలం నాటి తోటల్లో ఇంకో ఫ్యాషన్ ఉండేది. గ్లాస్ హౌసుల్లో వేల పూల మొక్కలు పెంచి, వేసవిలో తివాచీ పరిచినట్టు నాటి, సీజన్ అయ్యాక పీకి పారేసి, మళ్లీ మొదలు. డబ్బు, బొగ్గు, తోటమాలుల నడ్డి అన్నీ విరిగేవి. దాని మీద తిరగబడినవాడు విలియం రాబిన్సన్. ఐర్లాండ్‌లో పుట్టి, తోటమాలిగా మొదలై రచయిత అయ్యాడు. 1870లో "ది వైల్డ్ గార్డెన్" అనే పుస్తకం రాశాడు. ఆయన చెప్పింది సింపుల్. చలికి తట్టుకునే గట్టి మొక్కల్ని, అవి వాటంతట అవే బతికే చోట నాటండి, తర్వాత వదిలేయండి. తడిగా ఉన్నచోట తడి కోరుకునేవి, చెట్ల కింద నీడ కోరుకునేవి. మనం ఇవాళ లో మెయింటెనెన్స్ గార్డెన్ అంటున్నామే, ఆ ఆలోచనకి పునాదుల్లో ఈ పుస్తకం ఒకటి.

ఆలోచన బంగారం. కానీ అలాంటి తోటల్లో మెచ్చుకున్న మొక్కల్లో జపనీస్ నాట్‌వీడ్ లాంటివి కూడా ఉన్నాయి. ఇవాళ బ్రిటన్‌లో పెరట్లో అది ఉందంటే ఇంటి మీద లోన్ దొరకడమే కష్టమవుతుంది. ఎందుకంటే వేరు ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది. వాటంతట అవే బతికే మొక్కల్లో కొన్ని, ఎక్కడ ఆగాలో తెలియని మొక్కలు కూడా.

దీనికి గట్టి ఉదాహరణ కోసం మళ్లీ కిల్లార్నీకే వెళ్దాం. రోడోడెండ్రాన్ పాంటికమ్ అని ఒక పొద. ఊదారంగు పూలు, ఏడాది పొడవునా పచ్చటి ఆకులు. సొంత ఊరు స్పెయిన్, పోర్చుగల్, నల్ల సముద్రం చుట్టుపక్కల. 1763లో బ్రిటన్ చేరింది. నీడలో పెరుగుతుంది, తడి నేలని ఇష్టపడుతుంది, ఆకుల్లో విషం ఉంటుంది కాబట్టి జింకలు ముట్టవు. అంతకంటే ఏం కావాలి? బ్రిటన్, ఐర్లాండ్ జమీందార్లు తమ ఎస్టేట్లలో అందం కోసం, వేట పక్షులు దాక్కునే పొదల కోసం ఇష్టంగా నాటించారు. కిల్లార్నీలో కూడా అంతే.

తర్వాత అది పక్కనున్న ఓక్ అడవిలోకి నడుచుకుంటూ వెళ్లింది. ఒక్కో పెద్ద పొద ఏడాదికి లక్షల్లో దుమ్ములాంటి విత్తనాలు వదులుతుంది. తడిగా, నాచు పట్టిన చోట అవి హాయిగా మొలుస్తాయి. పొద కింద ఎంత చీకటంటే, ఓక్ చెట్టు రాల్చిన గింజ మొలవదు, నాచు మిగలదు, ఫెర్న్ మిగలదు. పైన ముసలి ఓక్ చెట్లు ఉంటాయి, కింద వాటి పిల్లలు ఉండవు. ఆ ఎస్టేట్ 1932లో దేశానికి కానుకగా వచ్చి, ఐర్లాండ్ మొదటి నేషనల్ పార్క్ అయింది. దశాబ్దాలుగా సిబ్బంది, వాలంటీర్లు రంపాలు పట్టుకుని ఆ పొదల్ని నరుకుతూనే ఉన్నారు. ఒకసారి నరికితే అయిపోదు, మళ్లీ మళ్లీ వెళ్లి మొలకలు పీకాలి.

ఒకే ఊరు చూడండి. అక్కడ తడి నీడలో కుదురుగా ఉన్న మొక్కని గాజు పెట్టెల కోసం పీకేశారు. ఎక్కడిదో అయిన మొక్కని చాకిరీ ఉండదని తెచ్చి నాటారు. ఎస్టేట్ తోటలో మిగిలిన చాకిరీ, వందేళ్ల తర్వాత అడవిలో వాలంటీర్ల చేతికి వచ్చింది.

ఐటీలో పనిచేసిన వాళ్లకి ఇది తెలిసిన కథే. ఒక ప్రాజెక్ట్‌లో త్వరగా అయిపోవాలని ఏదో ఒక షార్ట్‌కట్ రాసి వెళ్లిపోతారు. ఆ టీమ్‌కి పని తగ్గింది. కానీ పని మాయం కాలేదు, రెండేళ్ల తర్వాత రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే సపోర్ట్ కుర్రాడి దగ్గరికి వెళ్లింది, అంతే.

ఇందులో మన దేశం పాత్ర కూడా ఉంది. హిమాలయన్ బాల్సమ్ అనే మొక్క 1839లో ఇక్కడి నుంచి బ్రిటన్ వెళ్లింది. గులాబీరంగు పూలు, వాగు గట్ల మీద, తడి నీడలో ఆరేడు అడుగుల ఎత్తు పెరుగుతుంది. కాయ పండాక ముట్టుకుంటే టప్పున పగిలి విత్తనాలు మీటర్ల దూరం ఎగిరిపడతాయి. మన ఇళ్లలో పెంచే బాల్సమ్ పూల కాయల్ని చిన్నప్పుడు వేళ్లతో నొక్కి పేల్చి ఉంటారు కదా, దానికి ఇది అక్క లాంటిది. ఇప్పుడు అక్కడ వేసవిలో ఊళ్లోవాళ్లు గుంపులుగా నదుల వెంట దాన్ని పీకుతారు. 2014లో శాస్త్రవేత్తలు హిమాలయాల నుంచి దాని సహజ శత్రువైన ఒక బూజుని తీసుకెళ్లి, పరీక్షలు చేసి అక్కడ వదిలారు. మొక్కని ముందు తీసుకెళ్లారు, దాన్ని అదుపులో పెట్టేదాన్ని 175 ఏళ్ల తర్వాత తీసుకెళ్లారు.

మనవైపు కూడా ఇంతే. గుర్రపుడెక్క సొంత ఊరు దక్షిణ అమెరికా. పూవు బావుందని మనుషులు దేశదేశాలు మోశారు. ఇప్పుడు కొల్లేరులో, హైదరాబాద్ చెరువుల్లో ఏటా దాన్ని తీయించే పని ఎవరిదో ఒకరిదవుతోంది. మన చామ మొక్క ఇక్కడ కూర, అమెరికాలో ఫ్లోరిడా వాగుల్లో మాత్రం దురాక్రమణ మొక్కల జాబితాలో ఉంది. కాబట్టి మంచి మొక్క, చెడ్డ మొక్క అని ఉండదు. ఆ మొక్క, ఆ చోటు, రెండూ కలిపి చూడాలి.

ఈ విషయం మన పెరళ్లకి ముందే తెలుసు అనిపిస్తుంది. నుయ్యి ఉన్న ఇళ్లలో గిన్నెలు తోమిన నీళ్లు, స్నానం నీళ్లు పోయే చోట ఏం ఉండేవి? అరటి, చామ, కాస్త పుదీనా. ఎవరూ ప్రత్యేకంగా నీళ్లు పోసేవాళ్లు కాదు, పోయే నీళ్లే వాటికి. కోనసీమ వెళ్తే కొబ్బరి చెట్ల నీడలో అరటి, కంద, కోకో కనిపిస్తాయి. తమలపాకు తోటల్లో తీగకి నీడ కోసం, ఊతం కోసం అవిసె చెట్లు పెంచుతారు. నీడని సమస్యగా చూడలేదు, పంటకి అవసరంగా చూశారు. ఇంకో విషయం గమనించారా? అరటి, చామ, కంద తవ్వుతాం, కోస్తాం, తింటాం. అంటే వాటిని అదుపులో పెట్టే పని మన వంటింట్లోనే జరిగిపోతుంది.

ఇప్పుడు మీ సందు దగ్గరికి వద్దాం. నర్సరీకి వెళ్లేముందు మూడు పనులు చేయండి. ఒకటి, సెలవు రోజు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆ చోటు ఫోటో తీయండి. గంట ఎండ వచ్చినా, అసలు రాకపోయినా మొక్క మారిపోతుంది. రెండు, ఒక బకెట్ నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతాయో చూడండి. తడి వేరు, నిలవ నీరు వేరు. వార్డ్ గారి సీసాలో ఫెర్న్ చచ్చింది నిలవ నీటికే. గంటలు గడిచినా ఇంకకపోతే ముందు ఇసుక, ఆకుల ఎరువు కలిపి నేల ఎత్తు పెంచండి, లేదంటే మొక్కల కంటే ముందు దోమలొస్తాయి. మూడు, ఆ నీళ్లు ఎక్కడివి? ఏసీ నీళ్లు, వాన నీళ్లు అయితే సరే. డ్రైనేజీ లీకైతే ముందు ప్లంబర్‌ని పిలవండి, అక్కడ తినే మొక్కలు వద్దు.

నేల బాగుంటే, కాస్త వెలుతురు ఉంటే చామ, పసుపు, కంద పెట్టండి. ఏడాదికోసారి తవ్వుకోవచ్చు. వెలుతురు మరీ తక్కువైతే నర్సరీలో దొరికే బోస్టన్ ఫెర్న్ లాంటివి చాలు. అడవి నుంచి పీకి తెచ్చిన ఫెర్న్, ఆర్కిడ్ ఎవరైనా అమ్ముతుంటే మాత్రం కొనకండి. ఫెర్న్ పిచ్చిలో జరిగింది అదే, ఇప్పుడు తట్టకి బదులు వాట్సాప్ గ్రూప్ వచ్చింది, అంతే తేడా.

ఇక జాగ్రత్తగా చూడాల్సినవి రెండు. వెడేలియా అని పసుపు పూల తీగ, నేలంతా పరుచుకుంటుంది, నీడైనా తడైనా సై అంటుంది, చౌక. ఇది ప్రపంచంలో వంద అతి చెడ్డ దురాక్రమణ జీవుల జాబితాలో ఉంది. రెండోది మన మనీ ప్లాంట్. దీని పుట్టిల్లు తాహితీ పక్కనున్న మూరియా అనే చిన్న దీవి. కుండీలో, సీసాలో ఎంత బుద్ధిగా ఉంటుందో, వెచ్చని తడి దేశాల్లో నేలలో వదిలితే చెట్లెక్కి అంతగా కమ్మేస్తుంది. ఇంట్లో పెంచుకోండి, నో ప్రాబ్లమ్. కత్తిరించిన ముక్కల్ని మాత్రం చెరువు గట్టునో, ఖాళీ ప్లాట్‌లోనో పారేయకండి.

కాబట్టి నర్సరీలో "ఇది చూసుకోకపోయినా బతుకుతుందా?" అని అడగడం ఆపొద్దు. దాని తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడగండి. "నేను చూసుకోకపోతే, దీన్ని చూసుకోవాల్సి వచ్చేది ఎవరు?" అమ్మే ఆయన జవాబు చెప్పలేకపోతే, ఆ మొక్క పేరు ఫోన్‌లో ఒక్క నిమిషం వెతకండి. కిల్లార్నీలో ఆ పొదలు నాటించిన జమీందార్లకి ఆ ఒక్క నిమిషం సౌకర్యం లేదు. మనకుంది.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో వార్డ్ పెట్టె ఎక్కి నీలగిరులకి వచ్చిన సింకోనా కథ చెప్పుకుందాం. ఈలోగా ఆ పెయింట్ డబ్బాలు తీసేసి, సందు ఒకసారి చూడండి. గోడ పగులులో ఎవరూ నాటని ఫెర్న్ ఒకటి ఇప్పటికే ఉండొచ్చు. ఉంటే దాన్ని పీకకండి. ఆ మూల ఏం కోరుకుంటుందో అది మీకంటే ముందే కనిపెట్టేసింది.